సన్న తోలు పట్టా

ఆ గురువారం పొద్దున ఆకాశంలో మబ్బులు రెండు దారుల్లో నడుస్తున్నాయి. పైనున్న దళసరి మబ్బు పడమటి నుంచి తూర్పుకి నిండు చూలాలు నడిచినట్టు మెల్లగా జరుగుతుంటే, దాని కింద పల్చటి తెల్లటి పీలికలు ఉత్తరం నుంచి ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతున్నాయి. అక్టోబరులో గాలి తిరగబోయే ముందు అలాగే ఉంటుంది. సాయంత్రానికి గానీ ఏ మబ్బు మాట నెగ్గిందో తెలియదు. సవిల్లా కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని కాసేపు ఆ పరుగు చూసింది. చూపు దించి సూది కింద చూసింది. దారం మళ్ళీ తెగింది. నాలుగు కుట్లు సవ్యంగా పడటం, ఐదో కుట్టు దగ్గర సూది మూలిగినట్టు ఆగటం, గుడ్డ కింద దారం పిట్టగూడులా ముద్ద కట్టటం, ఆపైన టప్పుమని తెగటం. పొద్దుటి నుంచి ఇది ఏడోసారి. గోడ గడియారం పదిన్నర దాటింది. పన్నెండింటికి ఎల్మీనా వస్తుంది. సొంత చెల్లెలు, రెండు మైళ్ళ దూరంలో కాపురం, ఆరు వారాలుగా ఈ గడప తొక్కనిది, సవిల్లా తొక్కనివ్వనిది. ఆదివారం ప్రభు భోజనం. ఆలోపు అక్కచెల్లెళ్ళు ఒకటి కాకపోతే సంఘం మొత్తానికీ ఆ రొట్టే ద్రాక్షరసమూ ఆగిపోతాయి. అందుకే వస్తోంది. సవిల్లా ముద్దకట్టిన దారాన్ని కత్తెర మొనతో గిల్లి తీసింది. ఒళ్ళో నీలం ముక్కలూ ముదురెరుపు ముక్కలూ మూడు మూలలుగా కత్తిరించి ఎదురుచూస్తున్నాయి. ఎల్మీనా కూతురు లీడియా పెళ్ళి బొంత అది. తల్లి మీద కోపం పిల్ల మీద చూపించే మనిషి కాదు సవిల్లా.

పై దారం మొత్తం లాగేసి మళ్ళీ ఎక్కించింది. గుడ్డని నొక్కిపట్టే పాదం పైకెత్తింది, కండె నుంచి మొదటి కొక్కెం, అక్కణ్ణుంచి దారాన్ని బిగించే బిళ్ళల మధ్య, తీగ స్ప్రింగు కిందుగా, పైకెళ్ళే చెయ్యి కన్నంలోంచి, మళ్ళీ కిందికి, సూదిలోకి. పాదం ఎత్తకుండా ఎక్కిస్తే దారం బిళ్ళల మధ్యకి దిగదు, పైపైన తేలుతుంది, అప్పుడు కింద ముద్ద కడుతుంది. అమ్మ ఇద్దరికీ ఒకే రోజు నేర్పింది. తను పదేళ్ళది, ఎల్మీనా ఏడేళ్ళది, కాళ్ళు తొక్కే పలకకి అందేవి కావు. ఇద్దరూ ఒకే కుర్చీలో సగం సగం కూర్చునేవాళ్ళు. తను తొక్కితే ఎల్మీనా గుడ్డ తోసేది. "ముడి కింద కనపడిందని కింద తవ్వకండే పిచ్చి మొద్దుల్లారా, పైన చూడండి," అనేది అమ్మ. ఎల్మీనా వెంటనే తలెత్తి ఇంటి కప్పు వైపు చూసేది. అమ్మకి నవ్వొచ్చి తిట్టటం మరిచిపోయేది. అట్లా బతికిపోయింది ఎల్మీనా జీవితమంతా, నవ్వించి. బడిలో పంతులమ్మని నవ్వించింది, బాప్తీస్మం రోజున కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీదుండి కూడా పక్కనున్న పిల్లని నవ్వించింది, పెళ్ళినాడు మొగుణ్ణి నవ్వించింది. తనకి అది రాలేదు. తను చూస్తుంది, గుర్తు పెట్టుకుంటుంది, అంతే. అమ్మ అనేది సవిల్లా కళ్ళు మాట్లాడతాయని. మాట్లాడి ఏం లాభం, అసలు చూడవలసింది చూడనప్పుడు. దారం ఎక్కించింది. పాదం దించింది. తొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టప్.

సరే, సూది. మర వదులు చేసి పాత సూది తీసి కిటికీ వెలుగులో తిప్పింది. వంగలేదు. మొనని గోటి మీద గీస్తే గీత పడలేదు, అంటే మొన బాగానే ఉంది. అయినా మార్చింది. సూది చదునైన వైపు ఎటుండాలో చేతికి తెలుసు, కన్ను చూడనక్కర్లేదు. కుడి మోకాలు కొంచెం సలిపింది, మబ్బు పట్టిన రోజు అది సలుపుతుంది. మోకాలే కదా మొత్తం దీనికి మూలం. రెండున్నరేళ్ళ కిందట గడ్డి అటక నిచ్చెన మీంచి జారి పడింది. మోకాలు గుమ్మడికాయంత అయింది. వాపు తగ్గాక కూడా మిషను పలక తొక్కబోతే లోపల ఎముక మీద ఎముక రాసుకున్నట్టుండేది. ఆరునెలలు ఒక్క బొంత ముక్క కుట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తను తను కాదన్నట్టుండేది, ఇంట్లో ఎవరో చుట్టం వచ్చి కూర్చున్నట్టు. అప్పుడొచ్చింది ఎల్మీనా కోడిగుడ్ల బుట్టతో. బుట్ట మీద గళ్ళ గుడ్డ కప్పి ఉంది. బల్ల మీద పెడితే బల్ల కిర్రుమంది.

"ఏమే, ఏం గుడ్లే అవి, రాతి గుడ్లా?"

"గుడ్లు పెట్టని కోడే అక్కా, మేత మాత్రం తింటది," అని గుడ్డ తీసింది.

లోపల పిడికెడంత మోటారు, దాని తీగలు, ఇటుక లాంటి బ్యాటరీ. బయటివాళ్ళ కొట్లో కొనుక్కొచ్చింది, తనే, పట్టపగలు, నల్ల టోపీ పెట్టుకుని. కరెంటూ మోటార్లూ ఇళ్ళలోకి రానివ్వని తమ సంఘం కట్టుబాటులో కాలి మిషను తప్ప వేరే మిషను లేదు. పక్క సంఘం వాళ్ళకి ఉంది, వాళ్ళ వాకిళ్ళలో రంగు పూలు కూడా ఉన్నాయి, వాళ్ళ సంగతి వేరు. సవిల్లా వద్దంది. ఎల్మీనా వినలేదు. కింది చక్రాన్నీ పై చక్రాన్నీ కలిపి తిప్పే పాత తోలు పట్టాని, అమ్మ నాటిది, కత్తెరతో కసుక్కున కత్తిరించి పొయ్యిలో వేసింది, ఇంక వెనక్కి పోయే దారి లేకుండా. "నాలుగు గోడలు, మూడు నోళ్ళు," అంది. మూడో నోరు ఇంటాయన ఓబెద్‌ది. సాయంత్రం అతను గుర్రపు జీనుల పాకలోంచి వచ్చి చూశాడు, చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. పెళ్ళయి ముప్పైయేళ్ళు, అతను ఏమీ అనకపోవటంలో ఎన్ని రకాలున్నాయో ఆమెకి తెలుసు. మర్నాడు మోటారు బిగించటానికి తనే ఇనప రేకు అరగదీసి తెచ్చాడు. శనివారం శనివారం బ్యాటరీని పాకలోకి పట్టుకుపోయి, అక్కడి పనికి సంఘం ఒప్పుకున్న ఇంజనుకి తగిలించి మేత పెట్టేవాడు. ఒక్క శనివారం మరిచిపోలేదు. సూది బిగించింది. తొక్కింది. ఈసారి మూడో కుట్టుకే.

షటిల్ బయటికి తీసింది. పడవలా సన్నగా, లోపల కింది దారం చుట్టిన బాబిన్. బాబిన్ చుట్టు సమంగానే ఉంది. కింద గుడ్డని జరిపే పళ్ళ మధ్య నూగు పట్టి ఉంది, నీలమూ ఎరుపూ కలిసి ఊదారంగు నూగు, ఎలుక తోకంత. కోడి ఈకతో ఊడ్చింది. ఒక బొట్టు నూనె వేసింది. నూనె వాసనకి ఆ సాయంత్రం గుర్తొచ్చింది, సెప్టెంబరు మొదట్లో, సంఘం కట్టుబాట్లు చూసే డీకన్ మెనో వచ్చిన సాయంత్రం. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వానల గురించి మాట్లాడాడు, మొక్కజొన్న గురించి మాట్లాడాడు, ఆ తర్వాత మిషను వైపు చూడకుండానే మిషను గురించి మాట్లాడాడు. "సవిల్లమ్మా, చెప్పింది నీ మేలు కోరేవాళ్ళే," అన్నాడు. అదొక్కటే. ఎవరని ఆమె అడగలేదు, అడిగితే చెప్పరు. లెక్క కట్టటానికి ఎంతసేపు? ముగ్గురికే తెలుసు. తను చెప్పలేదు. మేత పెట్టినవాడు చెప్పడు. మిగిలింది బుట్ట తెచ్చిన మనిషి. తెచ్చినవాళ్ళే చెప్పేస్తే తెచ్చిన తప్పు తేలికవుతుంది కదా, పైగా నోరు ఆగని మనిషి, ఏ గుడ్డ కుట్టే చోట్లోనో నలుగురిని నవ్వించబోయి జారవిడిచి ఉంటుంది, అది డీకన్ భార్య చెవిన పడి ఉంటుంది. అంతా తానుగా చుట్టుకున్న కండెలా చకచకా చుట్టుకుంది మనసులో. "ఆయనకి తెలీదు. నేనే చేశాను," అంది డీకన్‌తో, ఎవరూ అడగకముందే. డీకన్ ఓబెద్ వైపు ఒకసారి చూశాడు. చూసి తన టోపీ లోపలికి చూసుకున్నాడు. ఓబెద్ నేల వైపు చూశాడు. రెండు వారాల తర్వాత ఆరాధనలో, ఆ వారం వంతు వచ్చిన యోడర్ వాళ్ళ కొట్టంలో, అందరి ముందూ సవిల్లా ఒక్కతే మోకాళ్ళూని తప్పు ఒప్పుకుంది. మోకాలి కింద చెక్క నేల. ఆ మోకాలే. మొగుడికి తెలీదని అక్కడ కూడా అంది. దేవుడి ముందు అబద్ధం, ఒకటి కప్పటానికి ఇంకొకటి, అయినా అది ఆమెకి బరువనిపించలేదు. ఇంటాయన్ని కాపాడటం కూడా తప్పేనా అనుకుంది. ఆడవాళ్ళ వరసలో ఎల్మీనా ఏడుస్తోంది. ఏడుపు చూసి ఇంకా ఒళ్ళు మండింది. మర్నాడు ఎల్మీనా వాకిట్లోకి వచ్చి, "నేను చెప్పలేదే అక్కా," అనబోతే మొహం మీద తలుపేసింది. తలుపు వేసిన చప్పుడుకి పొయ్యి మీద మూత కదిలింది.

షటిల్ పెట్టి మళ్ళీ కుట్టింది. ఐదు. టప్. దారమే పుచ్చిందేమో. ఒక మూరెడు లాగి రెండు చేతులకీ చుట్టి గుంజింది. పుచ్చిన దారమైతే ఉప్పులా పుటుక్కుమంటుంది. ఇది వేళ్ళు కోసుకునేలా పట్టింది. దారంలో ఏ దోషమూ లేదు. పైన లేదు, కింద లేదు, సూదిలో లేదు, దారంలో లేదు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పాకలో ఓబెద్ కొడవలి కత్తితో తోలు చీల్చే చప్పుడు వినిపిస్తోంది, ఆగి ఆగి, దగ్గరగా. పొయ్యి మీద చిక్కుడుగింజల చారు కుతకుతమంటోంది. పదకొండు రోజుల కిందట, ప్రభు భోజనానికి ముందు జరిగే ఆరాధనలో, డీకన్ వరస వెంట వచ్చి ఒక్కొక్కరినీ చిన్న గొంతుతో అడిగాడు, దేవుడితోనూ మనుషులతోనూ ఏ పగా లేకుండా సమాధానంగా ఉన్నావా అని. ఒక్కొక్కరూ ఉన్నానంటూ పోయారు. తన దగ్గరికి వచ్చేసరికి, "ఒక్కరితో తప్ప," అంది. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, నలభై కుటుంబాల కళ్ళూ ఎల్మీనా మీదికి తిరిగాయి. అప్పట్నుంచి అందరూ ఎల్మీనా వెంటబడ్డారు, పో, పోయి అక్క కాళ్ళు పట్టుకో, నీ మూలంగా మా అందరి ప్రభు భోజనం ఆగాలా అని. ఓబెద్ కూడా. ఈ పొద్దున కాఫీ తాగుతూ, వారంలో రెండో మాట అన్నట్టుగా అన్నాడు.

"ఎల్మీనా వస్తే సాగదియ్యకు. క్షమించాననెయ్, అయిపోద్ది."

"నీకెందుకయ్యా అంత తొందర?"

"ఆదివారం ఉంది కదా మరి."

ఆదివారం ఉంది. ఆదివారం రొట్టె విరవటం ఒక్కటే కాదు. వేసవిలో ముసలి బోధకుడు పోయాడు. ఆ చోటికి కొత్తవాణ్ణి ఆదివారమే చీటీ వేసి తీస్తారు. అందరూ చెవిలో పేర్లు చెబుతారు, మూడు నోళ్ళలో పేరు పడ్డ మగవాళ్ళ ముందు పాటల పుస్తకాలు పెడతారు, ఒక దాన్లో చీటీ ఉంటుంది. ఎవరి పుస్తకంలో ఉంటే వాడు చచ్చేదాకా బోధకుడు. దాన్ని కోరుకోవటం తప్పు, తప్పించుకోవటమూ తప్పు. ఓబెద్ పేరు మూడు నోళ్ళలో పడుతుందని కొట్టాల దగ్గర అనుకుంటున్నారట. పడితే పడనీ. అతను నెమ్మదస్థుడు, ఎవరి జోలికీ పోడు. పైకొచ్చిన ఆ ఆలోచనని అక్కడే వదిలేసి సవిల్లా మిషను వైపు వంగింది. ఇంక చెయ్యటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి చూడటం ఒక్కటే మిగిలింది. కుట్టకుండా, గుడ్డ పెట్టకుండా, ఉత్తినే కాలు వేసి తొక్కుతూ చక్రాన్ని చూసింది. చక్రం ఒక వేలెడు వెనక్కి పోయింది. వెనక్కి ఊగి, తర్వాత ముందుకు తిరిగింది.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ అంతే. వేలెడు వెనక్కి, ఆపైన ముందుకి. ఆగినప్పుడు కూడా అంతే, చివర్లో బద్ధకంగా ఒక వేలెడు వెనక్కి ఒరిగి నిలుస్తోంది. ఓసి నీ దుంపతెగ, అనుకుంది. చక్రం వెనక్కి పోతే షటిల్ దారాన్ని పట్టుకోదు, అది వదులుగా కింద రాలి ముద్ద కట్టి తెగుతుంది. ఏడేళ్ళ ఎల్మీనాకి తెలిసిన సంగతి అది. మడమతో కాదు, వేళ్ళతో మొదలుపెట్టాలి, అదే సమయానికి కుడిచేత్తో పై చక్రాన్ని తన వైపుకి లాక్కోవాలి. రెండేళ్ళు మోటారు తిప్పింది, అది ఎప్పుడూ ముందుకే తిప్పుతుంది, వెనక్కి పోవటం దానికి తెలియదు. ఆ రెండేళ్ళలో కాలు తన పని మరిచిపోయింది, చెయ్యి చక్రాన్ని మరిచిపోయింది. మోటారు తీసేసిన ఆరువారాల్లో చిరుగులు కుట్టిందే గానీ బొంత ముట్టలేదు. లావు గుడ్డకి లావు దారం వేస్తే ఇంత తేడా తెలియదు, సన్న ముక్కకి సన్న దారం కాబట్టి ఇవాళ తెలిసింది. తప్పు మిషనులో లేదు. చెయ్యి చక్రం మీద పెట్టి తన వైపుకి లాగింది, వేళ్ళు పలక మీద వేసింది. సూది దిగింది. ఒకటి, రెండు, ఐదు, పది, నీలం ముక్కా ఎరుపు ముక్కా అంచున అంచు కలుపుకుంటూ పోయాయి, ఇరవై, నలభై, ముక్క అయిపోతే ఇంకో ముక్క, దారం తెంపకుండా ముక్క వెనక ముక్క తోరణంలా పళ్ళ వెనక్కి జారాయి. ఈ అల్లికని అందరూ సముద్రపు అలలంటారు. ఈ కొండల్లో ఎవరూ సముద్రం చూడలేదు. మోకాలు సలుపుతోంది, అయినా తొక్కింది. ఒక్క క్షణం మనసు తేలికపడింది. ఇదొక్కటి సరిచేశాను, ఈ ఇంట్లో ఇవాళ ఒక్కటైనా సరైంది అనుకుంది.

తేలికపడ్డ మనిషి పని ముగించి లేవచ్చు. ఆమె లేవలేదు. చక్రం వెనక్కి పోవటానికి పట్టా వదులవటం కూడా కారణమేమో, అదీ చూసేస్తే పని పూర్తవుతుందని వంగి, కింద పెద్ద చక్రానికీ పైచక్రానికీ మధ్య నిలువుగా ఉన్న తోలు పట్టాని రెండు వేళ్ళతో నొక్కింది. వదులు లేదు. వీణ తీగలా ఉంది. మంచిదే అనుకుంది. అనుకుని, వేళ్ళు అక్కడే ఉంచేసింది. వదులెందుకు లేదు? కొత్త పట్టా సాగుతుంది. సాగని కొత్త తోలు ఎక్కడా లేదు. వేసిన రెండు వారాలకే వదులై జారుతుంది, కొక్కెం విప్పి గోరంత కోసి మళ్ళీ బిగించాలి, నెల తిరక్కుండా ఇంకోసారి. అమ్మ రోజుల్లో అట్లాగే చేసేవాళ్ళు. దీనికి ఆరువారాలయింది, ఒక్కసారి కోయలేదు. అయినా వదులు లేదు. వేళ్ళ కింద తోలు మెత్తగా ఉంది, నల్లబడి ఉంది, లోపలి దాకా నూనె తాగిన తోలు. నూనె అంత లోపలికి ఒక్క సాయంత్రంలో దిగదు.

ఆ సాయంత్రం డీకన్ బండి మలుపు తిరగ్గానే ఓబెద్ లేచాడు. మోటారు మరలు విప్పాడు. పాకలోకి వెళ్ళి పట్టా తెచ్చాడు. ఆమె ఏడుస్తూ కూర్చుంది, కాఫీ గిన్నె పొంగేలోగా అతను వెళ్ళి వచ్చాడు, బిగించాడు, కొలవలేదు, కోయలేదు, కన్నం పొడవలేదు, సరిగ్గా సరిపోయింది. కన్ను చూసింది. మనసు చూడలేదు. జీనుల పని చేసేవాళ్ళకి ఒక పద్ధతుంది, ఓబెద్‌ది మరీ ఛాందసం. సన్న పట్టా ఏదైనా సరే నూనెలో నాననిచ్చి, కింద ఇనపగుండు కట్టి, దూలానికి వేలాడదీస్తాడు, సాగాల్సినంతా సాగిపోనిమ్మని. వారం తక్కువ కాకుండా. ఆగస్టు చివర్లో పాకలోకి అన్నం తీసుకెళ్ళినప్పుడు దూలానికి అదొక్కటి వేలాడుతోంది, లావు పట్టాల మధ్య, చిటికెన వేలంత సన్నంగా, కింద గుండుతో.

"ఏ గుర్రానికయ్యా ఇంత సన్న పట్టా?" అని నవ్వుతూ అడిగింది.

"ఉంటుందిలే ఒకటి," అన్నాడు, తలెత్తకుండా.

ఆమె అన్నం గిన్నె పెట్టేసి వచ్చింది. ఆ పట్టా కిందే నడిచి వచ్చింది. దాని నూనె బొట్టు భుజం మీద పడితే ఇంటికొచ్చి సబ్బుతో ఉతుక్కుంది.

సవిల్లా వేళ్ళు తీసేసింది. తోలు నూనె వేళ్ళకి అంటుకుంది, దుస్తుల మీద తుడుచుకుంది, పోలేదు. అంటే డీకన్ వస్తాడని అతనికి తెలుసు. వచ్చి ఏం తీసెయ్యమంటాడో తెలుసు. తీసేశాక ఏం కావాలో కూడా ముందే తెలుసు, కొలత కూడా తీసుకున్నాడు, ఏ రాత్రో తను నిద్రపోతుంటే లాంతరు తెచ్చి రెండు చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి ఉంటాడు. తనే డీకన్ దగ్గరికి పోయి చెప్పాడు, చెప్పి వచ్చి పట్టా వేలాడదీశాడు. భార్య మీద దయతోనే వేలాడదీశాడేమో, పని ఆగిపోకూడదని. ఆ దయే ఎక్కువ గుచ్చుకుంది. చెబితే చెప్పాడు. తప్పు తప్పే. తనతోనే అనుంటే, సవిల్లా, నాకు భయంగా ఉంది, పుస్తకం నా చేతికొస్తే ఇంట్లో ఇది పెట్టుకుని ఎలా తెరవను అనుంటే, తనే విప్పి బుట్టలో పెట్టి ఎల్మీనాకి పంపించేసేది. భయమేనా? కోరికా? ఆ పుస్తకం కావాలనుకున్నాడా, ముప్పైయేళ్ళు పక్కన పడుకున్న మనిషి మనసులో అంత పెద్ద కోరిక ఉంటే తనకి తెలియకుండా ఉంటుందా? ఉంటుంది. పట్టా దూలానికి వేలాడినట్టు కళ్ళముందే ఉంటుంది. పోనీ అదీ పక్కన పెట్టు. మేత పెట్టిన చేతిని అతను దాచుకున్నాడు. "ఆయనకి తెలీదు" అని తను అబద్ధమాడుతుంటే డీకన్ చూసిన చూపు అదీ. డీకన్‌కి అప్పటికే అన్నీ తెలుసు. ఆ గదిలో తెలియనిది తనొక్కదానికే. చెక్క నేల మీద తను ఒక్కతే మోకాళ్ళూనుతుంటే మగవాళ్ళ వరసలో అతను పాటల పుస్తకం మడిచి పట్టుకుని కూర్చున్నాడు. ఇదంతా ఒకెత్తు. ఆరువారాలు, రోజుకి మూడుపూటలు ఎదురుగా కూర్చుని తింటూ, "నా చెల్లెలే నన్ను ముంచింది" అని తను అంటుంటే విన్నాడు. ఒకసారి తలాడించాడు కూడా. చెల్లెలి మొహం మీద తలుపు పడ్డప్పుడు ఆ గది మూలనే నిలబడి ఉన్నాడు. కదిలిన మూతని చేత్తో పట్టుకుని ఆపాడు. అదే, అదే కదా, పట్టుకున్నది అతనే, పొయ్యి మీద మూత.

పాకలో చప్పుడు ఆగింది. రోడ్డు మీద డెక్కల చప్పుడు మొదలైంది, ఎల్మీనా గుర్రం కుడి ముందరి కాలు కొంచెం ఆలస్యంగా వేస్తుంది, ఎక్కడున్నా తెలుస్తుంది. సవిల్లా లేచింది. కుట్టిన ముక్కల తోరణాన్ని కత్తిరించకుండా అట్లాగే మిషను మీద వదిలేసింది.

మామూలుగా అయితే గుమ్మంలోంచే ఏదో ఒక వేళాకోళం ముందుగా లోపలికి వచ్చేది. ఇవాళ ఎల్మీనా టోపీ తీసి మేకుకి తగిలించి, చేతులు ముందు కట్టుకుని నిలబడింది. చిక్కిపోయింది. ఓబెద్ పెరటి తలుపులోంచి వచ్చి, ఇద్దరికీ వీపు పెట్టి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"కూర్చోవే," అంది సవిల్లా.

"కూర్చుంటే నోరు పెగల్దక్కా. నిలబడే చెప్పేస్తా. నా వల్ల నీ మనసు నొచ్చుకుంది. క్షమించు."

"ఏం చేశావని?"

"ఏది చేశాననుకుంటున్నావో, అది."

"చేశావా?"

ఎల్మీనా కిటికీ వైపు చూసింది. "చెయ్యలేదని ఒకసారి చెప్పబోతే తలుపేశావ్. రెండోసారి చెబితే మళ్ళీ వేస్తావ్. నీ తలుపు బందులు పాతవే అక్కా, ఊడొస్తాయి," అంది. నవ్వబోయింది, మొహం సహకరించలేదు. "చేశాననే అనుకో. ఆదివారం నా మూలంగా ఆగకూడదు. చెయ్యనిదానికి క్షమాపణ అడిగితే దేవుడేం కొట్టడులే. నువ్వు లీడియా పెళ్ళికి రా, అంతే చాలు."

తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు లేదు. చేతులు ఎప్పుడో కడగటం అయిపోయింది, అయినా అతను ఇటు తిరగలేదు. చెప్పటానికి అతనికి ఇంతకన్నా మంచి అదును రాదు. సవిల్లా పది లెక్కపెట్టేంత సేపు ఆగింది. ముప్పైయేళ్ళ కోసం ఇంకో పది లెక్కపెట్టింది.

"ఏమయ్యా," అంది. "ఆ పట్టా ఎన్నాళ్ళు వేలాడదీశావ్?"

ఓబెద్ తువ్వాలు అందుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఇంకేదైనా చెప్పొచ్చు. అబద్ధం చెప్పినా ఎవరూ కొలిచి చూడరు.

"ఎనిమిది రోజులు."

"డీకన్ వచ్చిన రోజుకా?"

"ఆ రోజుకి."

ఎల్మీనాకి పట్టా సంగతి తెలియదు. కానీ మిషను వైపు చూసింది, కింద కొత్త తోలు చూసింది, అక్క మొహం చూసింది, బావ వీపు చూసింది. చురుకైన మనిషి. బెంచీ మీద కూలబడింది. "బావా," అంది, అంతే.

"నన్ను నువ్వు క్షమించాలే," అంది సవిల్లా. గొంతు మామూలుగానే ఉంది, చారు గరిటె చేతిలోకి తీసుకుంటూనే అంది. "ఆదివారం నా పక్కన కూర్చో. కాళ్ళు కడిగే వేళ నీ కాళ్ళు నేను కడుగుతా."

"మరి డీకన్ మళ్ళీ అడుగుతాడు కదక్కా, అందరితో సమాధానమేనా అని."

"అడుగుతాడు. మొన్న చెప్పిందే చెప్తా. ఒక్కరితో తప్ప."

ఓబెద్ తువ్వాలు మేకుకి తగిలించాడు. అది జారి కింద పడింది. వంగి తీసి మళ్ళీ తగిలించాడు.

బల్ల దగ్గర అతను తన చివర కూర్చున్నాడు. సవిల్లా అతని ఎడమ పక్కన తన చోట కూర్చోలేదు, ఎదురు బెంచీ మీద చెల్లెలి పక్కన కూర్చుంది. ముగ్గురూ తలలు వంచారు. తినేముందు చేసే ప్రార్థన నోటితో చేసేది కాదు, మనసులో చేసుకునేది. ఇంటి పెద్ద తలెత్తితే అయిపోయినట్టు. అతను తలెత్తాలి. ఎత్తలేదు. చారు గిన్నె మీంచి ఆవిరి లేచింది, పల్చబడింది, ఆగిపోయింది. రొట్టె మీద వెన్న కరిగి అంచున గట్టిపడింది. ఎల్మీనా ఊపిరి వినిపిస్తోంది. ఓబెద్ గడ్డం గుండెలకి ఆనుకుని ఉంది, కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి, రెప్పలు అదురుతున్నాయి. చాలాసేపటికి సవిల్లా తనే తలెత్తింది. చెల్లెలి పళ్ళెంలో రెండు గరిటెలు పోసింది. తన పళ్ళెంలో పోసుకుంది. గరిటె గిన్నెలోనే వదిలింది. తినటం మొదలుపెట్టాక ఎప్పటికో ఒక చెయ్యి వచ్చి ఆ గరిటె తీసుకుంది. ముగ్గురూ తిన్నారు. చారులో ఉప్పు వెయ్యటం మరిచిపోయింది. ఉప్పు గిన్నె ఓబెద్ మోచేతి దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు.